నీడలో పాకే తీగ చెప్పిన చరిత్ర

మన పాఠశాలల ఆవరణలలో బిళ్ళగన్నేరు లేని చోటు అరుదు. ఎవరూ ప్రత్యేకించి పెంచనక్కరలేకయే గోడ వారను, బావి గట్టున, బడి మెట్ల పగుళ్లలో అది మొలచును. ఎండకు వెరవదు, నీరు తగ్గినను ఓర్చుకొనును, ఏడాది పొడుగున పూయుచుండును. వృక్షశాస్త్ర గ్రంథాలలో దీనికి ఒకప్పుడు వింకా రోజియా అని పేరుండెను. నేటికిని తోటమాలులు, విత్తనాల వర్తకులు దీనిని వింకా అనియే పిలుచుచున్నారు. కాని ఆ పేరు దీని సొంతం కాదు. ఐరోపా అడవుల నీడలో నేల నంటి పాకుచు నీలిపూలు పూయు వేరొక తీగకు చెందిన పేరది. ఆ తీగను గూర్చియే ఈ వ్యాసం.

చరిత్రకు ఆధారాలేవి అని అడిగినచో విద్యార్థులు శాసనాలు, నాణేలు, కోటలు, తాళపత్రాలు అని వరుసగా చెప్పుదురు. మొక్కలని చెప్పు విద్యార్థి సాధారణంగా కనబడడు. నేడు మొలచి రేపు వాడిపోవు మొక్క వందల ఏండ్ల నాటి సంగతిని ఎట్లు చెప్పగలదని వారి సందేహం. ఆ సందేహం న్యాయమైనదే. అయితే రాతిపై పేరు చెక్కించుకొను స్తోమత లోకంలో కొద్దిమందికే దక్కినది. స్తోమత లేనివారు, ఉన్నను చెక్కించుకొనుటకు స్వేచ్ఛ లేనివారు ఎందరో కలరు. అట్టివారిలో కొందరి జాడను ఈ చిన్న తీగ కాపాడినది. అది ఎట్లు జరిగినదో తెలియవలెనన్న, ముందుగా ఆ తీగ ఎట్లు పెరుగునో తెలియవలెను.

తీగ స్వభావం

ఈ తీగ శాస్త్రీయ నామం వింకా మైనర్. ఇంగ్లీషులో దీనిని పెరివింకిల్ అందురు. గన్నేరు, నందివర్ధనం, జిల్లేడు చేరిన కుటుంబమే దీని కుటుంబం. స్పెయిన్, ఫ్రాన్సు దేశాలు మొదలుకొని మధ్య ఐరోపా, బాల్కను దేశాల మీదుగా టర్కీ, కాకసస్ ప్రాంతాల వరకు గల అడవులు దీని స్వస్థలం. ఆకులు ఎదురెదురుగా జంటలుగా నుండును; పొడవు 2 మొదలు 4 సెంటీమీటర్లు; పైభాగం నున్నగా, ముదురాకుపచ్చగా మెరయును. ఆకుల మొదళ్లలో ఒక్కొక్క చోట ఒక్కొక్క పువ్వు పూయును. పువ్వు వెడల్పు 2, 3 సెంటీమీటర్లకు మించదు. దాని అయిదు రేకులు చివర ఏటవాలుగా కోసినట్లుండి, గాలికి తిరుగు కాగితపు చక్రాన్ని జ్ఞప్తికి దెచ్చును. రంగు ఊదా కలిసిన నీలం.

ఈ తీగకు రెండు విధాల కొమ్మలు కలవు. పూలు పూయు కొమ్మలు జానెడెత్తున నిలువుగా నుండును. పూయని కొమ్మలు మీటరుకు పైగా సాగి నేలమీద పాకును. పాకు కొమ్మల కణుపులు తడిమట్టిని తాకినచోట వేళ్లు పుట్టును. వేళ్లు పుట్టినచోట కొత్త చిగుళ్లు లేచును. కొంతకాలానికి నడిమి కాండం ఎండిపోయినను, వేరూనిన కణుపు ప్రత్యేకమైన మొక్కగా బ్రదుకును. మన గరిక పొలంగట్టున వ్యాపించు విధం చూచినవారికి ఇది సులభంగా అర్థమగును. ఈ విధంగా ఒక్క మొక్క కొన్నేండ్లకు ఒక పెద్ద చాపవలె నేలను కప్పివేయును. చూచువారికి వేలకొలది మొక్కలని తోచును గాని, పుట్టుకను బట్టి అవన్నియు ఒకే మొక్క ముక్కలు.

నీడలో ఇది బ్రదుకుటకు దాని ఆకులే ముఖ్య కారణం. ఐరోపాలోని ఓక్, బీచ్ వంటి పెద్ద చెట్లు శీతకాలంలో ఆకులు రాల్చును. వసంతం ముదిరిన తరువాతనే తిరిగి గుబురెక్కును. ఈ తీగ మాత్రం ఆకు రాల్చదు. పై చెట్లు బోసిగా నున్న దినాలలో నేలపై బడు వెలుతురును అది తన పాత ఆకులతోనే గ్రహించి ఆహారం తయారుచేసికొనును. మార్చి మొదలు మే వరకు, అనగా పైన నీడ దట్టమగుటకు ముందే, దాని పూలకాలం చాలవరకు గడచిపోవును. జర్మను భాషలో ఈ తీగ పేరు ఇమ్మర్‌గ్రూన్; ఎల్లప్పుడు పచ్చనిది అని దాని అర్థం.

డార్విన్ ప్రయోగం

ఇంత విరివిగా పూచినను ఈ తీగ స్వస్థలానికి దూరమైన చోట్ల కాయ కాయుట చాల అరుదు. కాచినను విత్తనాలకు ఎగురు సాధనం లేదు. ఇదే కుటుంబంలోని జిల్లేడు విత్తనం వెండి వంటి పట్టుకుచ్చుతో గాలిలో తేలి ఊరి పొలిమేర దాటిపోవును. వింకా విత్తనానికి అట్టి కుచ్చు ఉండదు.

పూసిన పువ్వు కాయ కట్టకుండుటకు కారణమేమని ఆలోచించినవారిలో చార్లెస్ డార్విన్ ఒకడు. ఆయన పరీక్షించినది ఈ తీగకు అక్కవంటిదైన వింకా మేజర్‌ను. ఈ రెండింటి పువ్వుల నిర్మాణం ఒకే విధమైనది. పూగొట్టంలో కీలం చివర చిన్న బిళ్ళవంటి భాగం ఉండును. కేసరాలు దాని పైన పుప్పొడిని రాల్చును. కాని పుప్పొడిని స్వీకరించు తడి భాగం బిళ్ళ పైన గాక, దాని అంచు దిగువన ఉన్నది. కనుక పువ్వు తన పుప్పొడి తనపైననే రాలినను ప్రయోజనం పొందదు. పొడవైన తుండం గల పురుగు ఒకటి ఆ ఇరుకు సందులోనికి తుండం దూర్చి తీసినప్పుడే పని నెరవేరును.

డార్విన్ పురుగుకు బదులు ఒక సన్నని వెంట్రుకను తీసికొనెను. కుండీలలో పెంచిన మొక్కల పువ్వులలో, కేసరాల నడుమ, తుండం దూరు రీతిగానే ఆ వెంట్రుకను దూర్చి తీసెను. అట్లు చేసిన పువ్వులలో అనేకం కాయలు కట్టెను. తాకని పువ్వులు రాలిపోయెను. ఈ ఫలితాన్ని ఆయన 1861లో గార్డెనర్స్ క్రానికల్ అను తోటపనివారి పత్రికలో ప్రకటించెను. ప్రయోగానికి అయిన ఖర్చు ఒక వెంట్రుక! మన ఉపాధ్యాయులు పరికరాలు లేవని చింతించునప్పుడు ఈ సంగతి స్మరింపదగినది.

విత్తనం అరుదు, ఉన్న విత్తనం ఎగురదు, తీగ పాకుట ఏటికి కొద్ది దూరమే. అట్లయిన ఈ తీగ కొండలు దాటి, సముద్రాలు దాటి ఎట్లు పోయెను? మనుష్యుని చేతిలో పోయెను. ఎవరో ఒకరు వేరుతో సహా పెరికి, తడిగుడ్డ చుట్టి, వేరొకచోట నాటిరి. స్వస్థలానికి దూరంగా ఈ తీగ కనబడినచో అక్కడ ఒకప్పుడు మనుష్యులు మసలినారని ఊహించుటకు ఇదియే ఆధారం.

రోమకుల తోటలు, మధ్యయుగపు దండలు

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బ్రద్దలైనప్పుడు మరణించిన రోమక పండితుడు ప్లినీ తన ప్రకృతి చరిత్రలో ఈ తీగను పేర్కొన్నాడు. ఇది ఎల్లప్పుడు పచ్చగా నుండుననియు, తోటల అలంకారానికి పెంచుదురనియు, వేరు పూలు దొరకనప్పుడు దండలలో వాడుదురనియు ఆయన వ్రాసెను. లాటిన్ భాషలో కట్టుట, చుట్టుట అను అర్థమిచ్చు ధాతువు నుండి వింకా అను పేరు వచ్చినదని పండితుల అభిప్రాయం. దండ కట్టుటకు వంగునట్టి తీగకు ఆ పేరు తగినదే.

మధ్యయుగంలో ఈ దండకు మృత్యువుతో సంబంధం కలిగినది. స్కాట్లండు స్వాతంత్ర్యానికై పోరాడిన సైమన్ ఫ్రేజరును 1306లో లండనులో మరణశిక్షకు కొనిపోవునప్పుడు అతని తలపై ఈ తీగతో అల్లిన దండ నుంచిరని ఆనాటి పాట యొకటి చెప్పుచున్నది. ఇటలీలో చనిపోయిన పసిపిల్లలకు ఈ పూలదండలు వేయు ఆచారముండెను. అక్కడ దీనికి చావుపువ్వు అను అర్థంగల పేరొకటి కలదు. శీతకాలంలో కూడ వాడని ఆకు, చనిపోయినవారిని మరువని ప్రేమకు గుర్తుగా తోచుట సహజం. దీనికి విరుద్ధమైన నమ్మకం కూడ ఉండెను. 17వ శతాబ్దపు ఇంగ్లీషు మూలికా వైద్యుడు నికొలస్ కల్పెపర్, ఈ ఆకులను భార్యాభర్తలు కలిసి తిన్నచో వారి నడుమ అనురాగం కలుగునని వ్రాసెను! అట్టి మాటలకు శాస్త్రాధారం లేదు. తినుటకు ఈ ఆకు తగినది కాదు. దానిలో శరీరంపై పనిచేయు ఆల్కలాయిడ్లు కలవు.

ఫ్రెంచి రచయిత రూసో జీవితంలో ఈ పువ్వు ఒక చిత్రమైన పాత్ర వహించెను. యౌవనంలో, 1736 ప్రాంతాన, తన్నాదరించిన వారెన్స్ అను మహిళతో ఆయన ఒక పల్లెయింటికి పోవుచుండెను. దారిలో కంచె వద్ద నీలిపూలు చూచి, పెరివింకిల్ ఇంకను పూచియున్నదే అని ఆమె చెప్పెను. ఆయన నడచిపోవుచు ఒక్కమారు కన్నెత్తి చూచి ఊరకుండెను. దాదాపు 30 ఏండ్లు గడచెను. 1764లో మిత్రునితో కలిసి స్విట్జర్లండులో ఒక చిన్నకొండ నెక్కుచుండగా పొదలలో అదే పువ్వు కంటబడెను. ఆ క్షణాన ఆనందం పట్టలేక కేక వేసితినని ఆత్మకథలో ఆయన వ్రాసికొనెను. చూచినప్పుడు లెక్కచేయని పువ్వు, అప్పటి సుఖదినాన్ని మొత్తంగా కండ్లముందుకు తెచ్చెను. ఈ గ్రంథం వలన ఫ్రెంచి పాఠకులలో ఈ తీగకు గొప్ప ప్రసిద్ధి కలిగెను.

తోటమాలి నేర్చిన పాఠాలు

చెట్ల క్రింద గడ్డి సరిగా పెరుగదు. వెలుతురు చాలదు, పెద్దచెట్ల వేళ్లు నీటిని లాగుకొనును. ఆ బోసినేలను కప్పుటకు ఐరోపా తోటమాలులు ఎన్నుకొన్న మొక్కలలో ఈ తీగ ముఖ్యమైనది. 20, 30 సెంటీమీటర్ల ఎడంలో వేరూనిన ముక్కలను నాటుట వారి పద్ధతి. చలి పూర్తిగా ముదురకముందు గాని, వసంతారంభంలో గాని నాటుదురు. ఆకుమన్ను కలిపిన తేమనేల దీనికి ఇష్టం. నాటిన మొదటి ఏడు నీరు తప్పకపోవలెను. వేరూనిన పిమ్మట కొంత ఎద్దడిని అదియే తట్టుకొనును.

నాటుటకు ముందు ఆ నేలలోని కలుపు మొక్కలను వేళ్లతో సహా తీసివేయుట అన్నిటికంటె ముఖ్యం. తీగ అల్లుకొనిన తరువాత దాని నడుమనున్న కలుపును లాగుట చాల కష్టం. తీగ దట్టమైన పిమ్మట కొత్త కలుపు విత్తనాలకు వెలుతురు అందదు గనుక అవి సామాన్యంగా తల యెత్తవు. వాలుగా నున్న నేలపై దీని వేళ్ల అల్లిక మట్టి కోతను కూడ తగ్గించును. దట్టమైన నీడలో తీగ బ్రదుకును గాని పూలు తగ్గును. కొంత వెలుతురు సోకు పలుచని నీడలో పూలు నిండుగా పూయును. కొన్ని ఏండ్లకొకసారి, చలి తగ్గగానే పొడవైన కొమ్మలను కత్తిరించినచో కొత్త చిగుళ్లు గుబురుగా వచ్చును.

దీనిలో తెల్లపూల రకం, ఊదాపూల రకం, ముద్దపూల రకం, ఆకులపై పసుపు అంచుగల రకం కలవు. ముక్కలతోనే పెంచుదురు గనుక ఒక రకంలో కనబడిన గుణం మారక నిలుచును. ఇంగ్లీషు ఉద్యాన నిపుణుడు ఎడ్వర్డ్ ఆగస్టస్ బౌల్స్ ఫ్రాన్సులోని ఆల్ప్స్ పర్వతాలలో లాగ్రావ్ అను గ్రామపు చర్చి సమాధితోటలో పెద్దపూల తీగ నొకదానిని చూచి ఇంటికి తెచ్చెను. ఆ రకం లాగ్రావ్ అను పేరుతోనే నేడు తోటలలో పెరుగుచున్నది. దాని ప్రతి మొక్కయు ఆ సమాధితోటలోని తీగ తునకయే.

మన మైదానాల తీక్షణమైన వేసవి ఈ తీగకు సరిపడదు. చల్లని కొండ ప్రాంతాలు దీనికి అనుకూలం.

అడవిలో దాగిన ఊళ్లు

ఇక చరిత్ర సంగతి. జర్మనీలోను, ఉత్తర ఐరోపాలోను అడవుల నడుమ అక్కడక్కడ ఈ తీగ చాపలు కనబడును. వాటి దాపున వెదకినచో పాడుపడిన కోట పునాదులో, మఠాల గోడలో, మధ్యయుగంలో జనులు విడిచిపోయిన పల్లెల జాడలో దొరకుచుండుట పరిశోధకులు గమనించిరి. ఇట్టి మొక్కలను వారు పాత సేద్యపు అవశేషాలుగా లెక్కింతురు. ఇల్లు కూలెను, తోట అడవి అయ్యెను, పెంచినవారి పేరు మాసెను, తీగ మాత్రం నీడకు అలవాటుపడినది గనుక, అడవి పెరిగినను చావక మిగిలెను.

నేల కూడ ఇట్టి జ్ఞాపకాన్ని దాచుకొనును. ఫ్రాన్సు ఈశాన్య భాగంలో, రోమకుల కాలంలో సాగుచేయబడి తరువాత అడవిగా మారిన ఒక ప్రదేశాన్ని పరిశోధకులు పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించిరి. సుమారు 1,700 ఏండ్లకు పూర్వమే జనం విడిచిన చోటది. అయినను పాత ఇండ్లకు సమీపించుకొలది నేలలో భాస్వరం హెచ్చుగా నుండెను. అక్కడి మొక్కల జాతులు కూడ మిగిలిన అడవికంటె భిన్నంగా నుండెను. ఎరువు, బూడిద, ఎముకలు, పశువుల పేడ చేరిన నేల అన్ని శతాబ్దాల తరువాత కూడ తన సారాన్ని పోగొట్టుకొనలేదు.

ఈ మాట తెలుగు రైతుకు వింత గాదు. పూర్వపు ఊళ్లు పాడుపడి దిబ్బలైనచోట దొరకు మట్టిని మనవారు పాటిమన్ను అందురు. అది సారవంతమని ఎరిగియే తరతరాలుగా బండ్లతో తోలి పొలాలకు వేసిరి. ప్రయోగశాల భాస్వరమని చెప్పినదానిని మనవారు పంటను చూచి తెలిసికొనిరి. అయితే బండ్లతో పాటిమన్ను పోవునప్పుడు దానితోపాటు పెంకులు, పూసలు, ఇటుకలు, వాటితో చరిత్ర కూడ పోయినది. జాడ గుర్తించుట ఒక విద్య. గుర్తించిన జాడను చెడగొట్టకుండుట మరియొక విద్య. రెండవదాని విలువ ఈ తీగ కథలో అమెరికా ఖండాన తేటపడును.

పేరులేని సమాధులు

ఐరోపా నుండి వలసపోయినవారు 18వ శతాబ్దిలో ఈ తీగను ఉత్తర అమెరికాకు కొనిపోయిరి. ఇంటి వాకిట నాటిరి, సమాధులపై నాటిరి. ఏడాది పొడుగున పచ్చగా నుండును; కోయనక్కరలేదు; కలుపు మొలవనీయదు; సమాధుల సంరక్షణకు ఇంతకంటె అనుకూలమైన మొక్క ఏది? కొన్ని ప్రాంతాలలో దీనికి సమాధితీగ అను అర్థంగల పేరే స్థిరపడెను.

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఆఫ్రికా నుండి బలవంతంగా తేబడిన ప్రజలు, వారి సంతతి 1865 వరకు బానిసత్వంలో మ్రగ్గిరి. పొగాకు, ప్రత్తి తోటల యజమానులకు చెక్కిన రాళ్లతో, ప్రహరీలతో సమాధులుండెను. బానిసలకు సాగుకు పనికిరాని అంచుభూములే దక్కెను. సమాధి తలవైపున, కాళ్లవైపున పొలంలో దొరకిన మొరటు రాయి పాతిరి. లేదా కొయ్య నాటిరి. కొయ్యలు చివికిపోయెను. రాళ్లపై అక్షరాలుండుట అరుదు. చదువు నేర్చుటయే నేరంగా చట్టాలు చేసిన రాష్ట్రాలుండగా అక్షరాలెక్కడ నుండి వచ్చును? చనిపోయినవారి పేర్లు లేవు; కాని వారి బంధువులు నాటిన తీగ కలదు.

తరువాత భూములు చేతులు మారెను. బంధువులు పట్టణాలకు చెదరిపోయిరి. పొలాలు అడవులయ్యెను. శీతకాలంలో చెట్లన్నియు ఆకు రాల్చి గోధుమరంగుగా నున్నప్పుడు, ఆ అడవిలో ఒకచోట నేల పచ్చగా కనబడును. పురాతత్వ పరిశోధకులు, ఊరి పెద్దలు అక్కడికి పోయి పరిశీలింతురు. తీగ క్రింద నేల వరుసగా గుంటలు పడియున్నదా? శవపేటిక చివికినప్పుడు పై మట్టి కుంగి అట్టి గుంట ఏర్పడును. గుంటలు తూర్పు పడమరలుగా ఉన్నవా? క్రైస్తవ సంప్రదాయంలో అట్లు పూడ్చుట వాడుక. రెండు కొనల మొరటు రాళ్లున్నవా? ఇట్టి గుర్తులు కలిసివచ్చినప్పుడు, నేలను త్రవ్వకయే లోపలి మార్పులను తెలుపు రాడార్ యంత్రంతో పరీక్షింతురు.

తీగ ఒక్కటే సాక్ష్యానికి చాలదు. అది పాత ఇంటి వాకిలి కూడ కావచ్చును. తోటనుండి పాకివచ్చినది కూడ కావచ్చును. మొదట ఎచ్చట వెదకవలెనో అది చూపును. నిర్ణయం ఇతర ఆధారాలతో కలిపి చేయవలెను. శాస్త్రపద్ధతి ఇదియే. రోడ్డుకో, కట్టడానికో నేల చదును చేయబోవు వేళ ఈ గుర్తును ఎరిగినవాడు ఒక్కడున్నను ఒక సమాధితోట దక్కును. ఎరిగినవాడు లేనిచో వంద ఏండ్ల శోకం ఒక్క పూటలో యంత్రం క్రింద నలగిపోవును. ఇట్టి సమాధిస్థలాలను గుర్తించి కాపాడుటకు సహాయపడు శాసనమొకటి 2022 డిసెంబరులో అమెరికాలో ఆమోదింపబడినది.

సాక్షియే శత్రువైనచో

ఇక్కడ ఒక చిక్కు కలదు. సమాధులను కాపాడిన గుణమే అడవికి హానికరమైనది. అమెరికా తూర్పు భాగపు అడవులలో ఈ తీగ అల్లుకొనినచోట స్థానికమైన వసంతపు పూలమొక్కలు మొలవలేకపోవుచున్నవి. చెట్ల చిరుమొలకలకు వెలుతురు అందుట లేదు. అందుచేత పలు రాష్ట్రాలలో దీనిని ఆక్రమణ మొక్కగా పరిగణించి, కొత్తగా నాటవద్దనియు, ఉన్నదానిని తొలగింపుడనియు వృక్షరక్షకులు చెప్పుచున్నారు. చరిత్రకారుడు ఉంచుమనును, వృక్షరక్షకుడు పెరుకుమనును. ఇద్దరి మాటయు న్యాయమే.

ఈ చిక్కును తీర్చుటకు క్రమం ముఖ్యం. పెరుకుటకు ముందు చూడవలెను. తీగ ఎంతమేర ఉన్నదో కొలిచి పటం గీయవలెను. గుంటలను, రాళ్లను గుర్తింపవలెను. ఆ చోటికి సంబంధించిన కుటుంబాలవారిని అడుగవలెను. సమాధిస్థలమని తేలినచో వేళ్లను త్రవ్వి లాగరాదు. హద్దు దాటి అడవిలోనికి పాకు కొమ్మలను అంచున కత్తిరించుచు ఉండిన చాలును. సమాధులు లేవని తేలినచోట తీగను పూర్తిగా తీసివేయవచ్చును. సాక్షి చెప్పవలసినది చెప్పిన తరువాతనే పంపివేయవలెను.

మన పట్టణాల ఉద్యానాలలో నేలను కప్పుటకు పసుపుపచ్చని పూల వెడీలియా తీగను నాటుచున్నారు. ఉష్ణమండల అమెరికా నుండి వచ్చిన ఆ తీగ కూడ కణుపుకణుపున వేరూని పాకును. ప్రపంచంలోని అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జీవుల పట్టికలో దాని పేరు కలదు. కనుక నీడనేలకు మొక్కను ఎన్నుకొనునప్పుడు అది ఎంత త్వరగా పాకునో చూచుటతో ఆగక, ఎక్కడ ఆగునో కూడ విచారింపవలెను.

పేరు పంచుకొనిన బంధువు

మరల మన బిళ్ళగన్నేరు వద్దకు వత్తము. దాని స్వస్థలం మడగాస్కర్ దీవి. పువ్వు పోలికను చూచి లిన్నేయస్ 1759లో దానిని వింకా ప్రజాతిలో చేర్చెను. 1837లో జార్జ్ డాన్ దానిని వేరుచేసి కాథరాంథస్ ప్రజాతిలో నుంచెను. తరువాత వచ్చిన క్రోమోసోముల లెక్క కూడ ఆ విభజనను బలపరచెను. వింకా మైనర్ కణంలో 46 క్రోమోసోములు, బిళ్ళగన్నేరు కణంలో 16 కలవు. మొదటిది నీడలో పాకును, విత్తనం అరుదు. రెండవది ఎండలో నిటారుగా పెరుగును, విత్తనాలు విస్తారం. మలయాళంలో బిళ్ళగన్నేరుకు శవంనారి అని ఒక పేరున్నది. రెండు ఖండాలలో ఈ బంధువులిద్దరికిని మృత్యువును స్మరించు పేర్లు కలుగుట విశేషం.

అయినను బిళ్ళగన్నేరు ప్రాణదాత అయినది. 1958లో కెనడా దేశంలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అను శాస్త్రజ్ఞులు దాని ఆకులనుండి విన్‌బ్లాస్టిన్ అను పదార్థాన్ని వేరుచేసిరి. అదే మొక్కనుండి లభించిన విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో ఔషధంగా అంగీకరింపబడి, పిల్లల రక్తపు కాన్సరు చికిత్సలో ముఖ్యమైనదయ్యెను. ఈ మందుల పేర్లలోని మొదటి అక్షరం వింకా అను పాత పేరునుండి వచ్చినది. వృక్షశాస్త్రం విడిచిన పేరును వైద్యశాస్త్రం నిలుపుకొనెను.

విద్యార్థులకు ఒక పని

మీ ఊరి దాపున పాటిదిబ్బ గాని, విడిచిపోయిన పాత ఊరు గాని, వాడుకలేని దిగుడుబావి గాని ఉన్నచో ఉపాధ్యాయునితో కలిసి ఒక ఉదయం అచ్చటికి పోవుడు. త్రవ్వవద్దు, ఏదియు పెరుకవద్దు. అక్కడి మొక్కల పట్టిక వ్రాయుడు. వాటిలో తమంతట తాము మొలచునవి ఏవి? మనిషి నాటనిదే రానివి ఏవి? చింతచెట్లు వరుసగా నున్నవా, చెదురుగా నున్నవా? బావి గట్టున మల్లె తుప్ప ఉన్నదా? ఉన్నచో దానిని నాటినదెవరని ఊరిలోని వృద్ధులను అడుగుడు. వారు చెప్పినది తేదీతో సహా నోటుపుస్తకంలో వ్రాసి, బడిలో భద్రపరచుడు. మీరు అడుగకపోయినచో ఆ మల్లెను నాటిన అవ్వ పేరు ఎక్కడను మిగులదు.